ఎకో గది తాళం

ఆ స్టూడియో సెల్లార్‌లోకి ఒంటరిగా ఎవరూ దిగరు.

దిగకూడదని ఎవరూ హుకుం జారీ చెయ్యలేదు. బోర్డూ పెట్టలేదు. కానీ అక్కడ పనిచేసినవాళ్ళలో ఎవర్ని కదిలించినా ఒకటే మాట — పైన ఎంతసేపు కూర్చోమన్నా కూర్చుంటాం గానీ, కింద ఎకో గదుల దగ్గరికి మాత్రం తోడు లేకుండా వెళ్ళం.

పక్కపక్కనే రెండు గదులు. కిటికీల్లేవు. ఏ గోడా ఇంకో గోడకి తిన్నగా ఎదురుగా ఉండదు. అన్నీ వంకరే. గోడల నిండా చెయ్యి జారిపోయేంత నున్నటి పూత. లోపల ఒక స్పీకరు, ఒక మైకు, అంతే. పైన పాడిన పాటని వైరు మీద ఆ గదిలోకి పంపి స్పీకర్లో మోగిస్తారు. అది ఆ గోడల మీద పడి దొర్లి దొర్లి, కొండ గుహలో పాడినట్టు తయారవుతుంది. మైకు దాన్ని పట్టుకుని మళ్ళీ పైకి పంపిస్తుంది. కంప్యూటర్లో మీట నొక్కితే గుహ పుట్టుకొచ్చే రోజులొచ్చాక, ఆ గదులతో ఎవరికీ పనిలేకుండా పోయింది.

పని పోయింది గానీ పేరు పోలేదు.

ఒక కరెంటు పనివాడు అక్కడ బల్బు మారుస్తూ దగ్గాడట. దగ్గు తిరిగొచ్చింది... సరే, అది ఆ గది పనే. కాసేపాగి ఇంకెవరో గొంతు సవరించుకున్నారట! అంతే — నిచ్చెన వదిలేసి పరుగు. ఆ నిచ్చెన ఇప్పటికీ అక్కడే ఉంది. తెచ్చుకోవడానికి అతను రాలేదు, తెచ్చివ్వడానికి ఇంకొకడు దిగలేదు.

మామూలు గోడ పిలిస్తే పలుకుతుంది. ఆ గది పిలవకుండా పలుకుతుంది — అని చెప్పుకునేవారు.

అలాంటి చోట కత్తెర ఒక రాత్రి చిక్కుకుపోయింది.

కత్తెర అంటే మనిషే. సౌండ్ ఎడిటరు. పాటలో దగ్గు కోసేస్తుంది, ఊపిరి కోసేస్తుంది, తప్పు పాడిన మాటని కోసి నిన్న సరిగ్గా పాడిన మాటని అతికిస్తుంది. ఇంట్లో పెట్టిన పేరు పెళ్ళి కార్డు మీద అచ్చయ్యాక మళ్ళీ ఎవరూ వాడలేదు. కత్తెర అని పేరు పెట్టింది మాస్టారు. "ఈ కత్తెర మన చేతిలో ఉన్నంతకాలం మనందరం గొప్ప గాయకులమే" అనేవారు.

మాస్టారు పాటలు కట్టేవారు. పోయి ఏడాది కావస్తోంది.

ఆయన కట్టిన చివరి వరస ఒకటి రికార్డు కాకుండా మిగిలిపోయింది. మాటల్లేవు, ఒట్టి గొంతులే. ముందు ఫ్లూటు ఒక్కటే వస్తుంది — ఒకే ఒక్క పొడుగాటి స్వరం, అలా సాగి సాగి... అది ఆగినచోట ఒక గొంతు అందుకుంటుంది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక ఇంకా. చివరికి జనమే జనం. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళందరికీ ఆ వరస నోటికొచ్చు.

"ఎవరింట్లో వాళ్ళు ఫోన్లో పాడి పంపండి. నేను కలుపుతాను. మాస్టారికి అదే మనం ఇచ్చేది" అని కత్తెర అందరికీ కబురు పెట్టింది.

అదే ఆమె చేసిన పొరపాటు.

మాస్టారి దగ్గర పాడినవాళ్ళే కాదు, మాస్టార్ని దూరం నుంచి చూసినవాళ్ళు కూడా పాడి పంపారు. ఏ దేశంలో ఉన్నవాళ్ళు ఆ దేశం నుంచి. బాత్రూంలో ఒకరు, కారులో ఒకరు, పిల్లాణ్ణి జోకొడుతూ ఒకరు. ఒకాయన గొంతు కన్నా ఆయన కుక్క గొంతే శ్రుతిలో ఉంది. కత్తెర వాళ్ళ అత్తగారు కూడా పాడింది. వెనకాల కుక్కరు కూత. "కూత తీసెయ్యి, నన్ను తియ్యకు" అని ముందే చెప్పింది. ఆ రోజు నుంచీ పూటకోసారి ఒకటే ప్రశ్న — "నా ముక్క ఉందా?"

రెండొందల పైచిలుకు గొంతులు పోగయ్యాయి. రాంది ఒక్కటే. మొట్టమొదటి ఫ్లూటు.

ఫ్లూటు మావయ్య మాస్టారితో తొలి పాట నుంచీ ఉన్నవాడు. వరసకి ఎవరికీ మావయ్య కాదు, స్టూడియోలో అందరికీ మావయ్యే. "రేపు పంపుతా తల్లీ" అన్నాడు. ఆ రేపు ఎన్నిసార్లు వచ్చి వెళ్ళిందో లెక్కలేదు. చివరికి ఒకరోజు కత్తెరకి ఒళ్ళు మండిపోయింది.

"మావయ్యా, మాస్టారంటే మీకు ఇంతేనా?" అనేసింది.

మావయ్య ఫోన్ పెట్టేశాడు.

స్టూడియో ఖాళీ చెయ్యడానికి ఆ మర్నాడు ఒక్కటే మిగిలింది. బిల్డింగు పడగొడతారట. మాస్టారికి కంప్యూటర్ గుహ పడేది కాదు. "ఆ గదిలో గొంతు నానితేనే పాట" అనేవారు. అందుకని ఆఖరిసారి పాటంతా ఎకో గదిలో మోగించి, ఆ మోతని రికార్డు చేసుకుపోదామని కత్తెర వెళ్ళింది. ఫ్లూటు ఉండాల్సినచోట నిశ్శబ్దం అలాగే వదిలేసింది — ఎప్పటికైనా అతికించొచ్చని.

"నేనొచ్చేదాకా ఆగు, కిందకి ఒక్కదానివే దిగకు" అన్నాడు భర్త ఫోన్లో.

"దెయ్యాలక్కూడా నా పాటలో చోటు లేదండీ. ఇప్పటికే నిండిపోయింది" అని నవ్వింది.

వెళ్ళేసరికే చీకటి పడింది. వైర్లు ఇంకా అలాగే ఉన్నాయి. పైనున్న కంట్రోల్ రూంలో కూర్చుని పాట పెట్టింది. అయిపోగానే మళ్ళీ మొదలయ్యేట్టు పెట్టింది, నాలుగైదుసార్లు రికార్డు చేస్తే ఒకటి బాగా వస్తుందని. కింద గదిలో మోగిన పాట పైన స్పీకర్లో వినిపిస్తోంది. బాగుంది... కానీ ఫ్లూటు చోటున ఉన్న ఖాళీలో ఏదో చప్పుడు.

టక్... టక్‌టక్...

"మైకు స్టాండు వదులైనట్టుంది" అనుకుంది. ఫోన్ కంప్యూటర్ పక్కనే పెట్టేసి, మెట్లు దిగింది.

ఎకో గది తలుపు బరువైనది. అంచులకి రబ్బరు. స్ప్రింగు ఉంటుంది, వదిలితే దానంతటదే మూసుకుంటుంది. లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. కత్తెరకి అదంతా తెలుసు. అందుకే మూలనున్న వైరు చుట్టని — చెక్క చక్రాల మధ్య చుట్టినది — దొర్లించి తలుపుకి అడ్డం పెట్టి మరీ లోపలికి వెళ్ళింది.

లోపల పాట హోరెత్తిపోతోంది. స్టాండు గట్టిగానే ఉంది. మైకుని కొంచెం జరుపుదామని వైరు లాగింది. వైరు ఎక్కడో పట్టుకుంది. ఇంకాస్త గట్టిగా లాగింది.

ఆ వైరు రెండో కొస తలుపు దగ్గరున్న చుట్టలోదే.

చుట్ట కదిలింది... మెల్లగా, బద్ధకంగా, గడప అవతలికి దొర్లిపోయింది.

తలుపు మూసుకున్న చప్పుడు కూడా రాలేదు. చెవుల్లో గాలి బిగుసుకున్నట్టయింది, అంతే.

తోసింది. భుజంతో గుద్దింది. పిడి ఊడిన కంతలో వేలు పెట్టి తిప్పింది. గోరు విరిగింది గానీ తలుపు ఉలకలేదు.

"ఎవరైనా ఉన్నారా!"

ఆ అరుపు గోడల మీద సాగి, కరిగి, మాట పోయి ఒట్టి ఊళలా మీదికొచ్చింది. తన గొంతుకి తనే జడుసుకుంది.

బరువు గొంతులవాళ్ళు అందుకునే చోటు వచ్చింది. గది మొత్తం అదిరింది. బల్బు ఒకసారి మినుక్కుమంది. ఇంకోసారి... ఆరిపోయింది.

చీకటి. మామూలు చీకటి కాదు, కళ్ళు తెరిచామో మూశామో తెలియనంత చీకటి. అందులో రెండొందల మంది. ముందు, వెనక, నెత్తిన, చెవి పక్కన. వాళ్ళ ఒక్కొక్కరి ఊపిరీ ఆమెకి తెలుసు, నెలలపాటు కోసి అతికించింది తనే. కానీ ఆ చీకట్లో ఎవరూ తెలిసినవాళ్ళలా లేరు. పాడుతున్నట్టు లేరు. చుట్టూ చేరి ఏదో అడుగుతున్నట్టున్నారు. అత్తగారి గొంతు ఒక్కటే గుర్తుపట్టగలిగింది. అదైనా ఉన్నందుకు కాస్త ధైర్యం వచ్చింది.

పాట అయిపోయింది. మోత గోడల్లోకి ఇంకిపోయింది.

ఫ్లూటు చోటు. నిశ్శబ్దం.

టక్... టక్‌టక్...

ఆమె పక్కనే ఉంది స్టాండు. చేత్తో పట్టుకునే ఉంది. అది కదల్లేదు.

చప్పుడు గోడలోంచి వస్తోంది.

ఊపిరి బిగబట్టి విన్నది. మళ్ళీ... టక్... టక్‌టక్... దాని వెనకే ఒక మూలుగు. సన్నగా, సాగుతూ, మాట కాబోయి మాట కాలేక...

అంతలో గొంతులు మొదలయ్యాయి. ఆ చప్పుడు వాటి కిందపడి మునిగిపోయింది.

కత్తెర పాక్కుంటూ అవతలి మూలకి పోయింది. నిచ్చెన కాలికి తగిలింది. దాని కింద దూరి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఇందాకటిదాకా ఈ గోల ఎప్పుడాగుతుందా అనుకున్న మనిషి, ఇప్పుడు ఆగకుండా ఉంటే బాగుండునని దణ్ణం పెట్టుకుంటోంది. పాట ఉన్నంతసేపూ ఆ రెండొందల మందీ తోడు. అది ఆగితే... మిగిలేది ఆ గోడలోది, తనూ.

ఆగింది.

టక్... టక్‌టక్... టక్...

చెవులు మూసుకుంది. మూసినా వినిపిస్తోంది. చీకట్లో ఎవరు పిలిచినా వెంటనే పలక్కు అనేది వాళ్ళ అమ్మమ్మ. ఇక్కడ పిలుపు మీద పిలుపు.

ఇలా ఎన్నిసార్లు పాట తిరిగిందో తెలీదు. గాలి బరువెక్కింది. చెమటకి చీర ఒంటికి అంటుకుపోయింది. మనిషి భయపడీ భయపడీ అలిసిపోయాక ఒకలాంటి తెలివి వస్తుంది. అలాంటి తెలివితో, చెవుల మీంచి చేతులు తీసి, మొదటిసారి ఆ చప్పుడుని చప్పుడులా విన్నది.

అది అడ్డదిడ్డంగా లేదు. తాళం!

టక్... టక్‌టక్... టక్... అక్కడ ఆగుతోంది. సగంలో. ప్రతిసారీ అక్కడే.

మాస్టారు రిహార్సల్‌కి ముందు అలాగే చేసేవారు. బల్ల మీద వేళ్ళతో సగం తాళం వేసి ఆపేసేవారు. మిగతా సగం ఎదుటివాళ్ళు పూర్తిచెయ్యాలి. చెయ్యగలిగితేనే ఆ రోజు పాట. ఆ సంగతి తెలిసినవాళ్ళు మాస్టారి మనుషులు తప్ప ఇంకెవరూ లేరు.

మాస్టారా...?

ఆ ఆలోచన రాగానే నిచ్చెన కింద ఇంకా లోపలికి ముడుచుకుంది. బతికుండగా ఎంత ఇష్టమైన మనిషైనా, గోడలోంచి పిలిస్తే ఎవరికి పలకాలనిపిస్తుంది? పలికితే తర్వాత ఏం అడుగుతారో!

మళ్ళీ పాట. మళ్ళీ నిశ్శబ్దం.

టక్... టక్... ...టక్.

ఈసారి మెల్లగా వచ్చింది. మధ్యలో ఒక దెబ్బ జారిపోయింది.

ఆ పై నిశ్శబ్దంలో ఇంకా మెల్లగా. కొట్టే చెయ్యి బరువైపోయినట్టు.

కత్తెర నిచ్చెన కింద నుంచి తల బయటికి పెట్టింది. దెయ్యానికి నీరసం వస్తుందా?

రాదు. నీరసం వచ్చేది మనిషికి.

అంతే, గుండె దడ ఇంకో దారి పట్టింది. అంతసేపూ తన ప్రాణం గురించి కొట్టుకున్నది, ఇప్పుడు ఆ అవతలి ప్రాణం గురించి కొట్టుకోవడం మొదలుపెట్టింది. గోడ తడుముకుంటూ, కాళ్ళకి వైర్లు తగులుకుంటూ, ఆ చప్పుడు వచ్చినవైపు వెళ్ళింది. నిశ్శబ్దం రాగానే పిడికిలితో గోడ మీద మిగతా సగం కొట్టింది. కంగారులో రెండు దెబ్బలు తప్పు పడ్డాయి. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు.

అవతల ఒక క్షణం ఏమీ లేదు.

తర్వాత గబగబా — టక్‌టక్‌టక్‌టక్! — తాళమూ లేదు పాడూ లేదు, మనిషి సంతోషం.

కింద నేల దగ్గర చేతికి ఒక గొట్టం తగిలింది. రెండు గదుల మధ్య వైర్లు పోయేందుకు పెట్టింది. దానికి నోరు ఆనించి "ఎవరూ?" అంది. చెవి పెట్టింది. మూలుగులాంటిది వచ్చింది. మాటలన్నీ ఆ గదిలో ఒకదాని మీద ఒకటి పడి ముద్దైపోతున్నాయి. నేల మీద పడుకుని, గొట్టానికి చెవి ఆనించి అలాగే ఉండిపోయింది.

అప్పుడొచ్చింది — చిన్న ఫ్లూటు స్వరం. మొదట్లో ఒక సన్నటి బుస, ఆ తర్వాత స్వరం. సగంలోనే తెగిపోయింది.

ఆ బుసని ఆమె ఎన్ని పాటల్లో కోసి పారేసిందో! లోకంలో ఇంకే ఫ్లూటుకీ ఆ బుస లేదు.

"మావయ్యా!"

పక్క గదిలో ఉన్నది ఫ్లూటు మావయ్య. ఆయన గది తలుపూ ఇలాగే మూసుకుపోయింది. ఎంతసేపటి నుంచి ఉన్నాడో, ఏం గాలి పీలుస్తున్నాడో! ఒక్కో మాటా విడివిడిగా, మోత చల్లారేదాకా ఆగి ఆగి గొట్టంలోకి చెప్పింది:

"మాట్లాడకండి... పడుకోండి... పాట ఆగినప్పుడల్లా... ఒక్క దెబ్బ కొట్టండి... చాలు..."

టక్.

అలా మొదలైంది వాళ్ళ కాపలా. పాట పొంగుతుంది, గది నిండుతుంది, ఏమీ వినపడదు. ఆమె నేల మీద పడుకుని కళ్ళు మూసుకుని ఆ రెండొందల మందినీ తోసుకుంటూ నిశ్శబ్దం కోసం కాచుకునుంటుంది. వస్తుంది. టక్. హమ్మయ్య. మళ్ళీ పొంగుతుంది.

ఒకసారి నిశ్శబ్దం వచ్చింది. దెబ్బ రాలేదు.

"మావయ్యా?"

లేదు.

గోడని రెండు చేతులతో బాదింది. "మావయ్యా, కొట్టండి! ఒక్కటి! మీకేమైనా అయితే నేను... నిన్న అన్న మాట... మావయ్యా!" గొంతులు వచ్చి ఆ మాటల మీద పడ్డాయి. ఏడుస్తూనే ఉంది, ఆ ఏడుపూ పాటలో కలిసి పాటలాగే మోగింది. ఆ పాట అంత పొడుగుంటుందని ఎడిట్ చేసిన మనిషికే తెలీదు.

మోత తగ్గింది. ఇంకింది. నిశ్శబ్దం.

...

గొట్టంలోంచి సన్నటి బుస వినిపించింది.

దాని వెనకే స్వరం. తెగలేదు. నెమ్మదిగా లేచి, ఆ గది గోడలు పట్టుకుని, గొట్టం దాటి, ఈ గదిలోకి వచ్చి విచ్చుకుంది. ఏ మనిషి ఊపిరీ అంతసేపు ఉండదు. ఊపిరి ఎక్కడ ఆగిందో, గది ఎక్కడ అందుకుందో కత్తెరకే తెలియలేదు. అలా సాగి సాగి... సరిగ్గా అది సన్నగిల్లినచోట మొదటి గొంతు అందుకుంది.

మాస్టారు కట్టిన వరస. మొదటిసారి పూర్తిగా.

ఆమె ఆ పాట మధ్యలో ఉండగానే తలుపు తెరుచుకుంది. టార్చిలైటు కళ్ళలో పడింది. వెనక నుంచి అత్తగారి గొంతు — ఈసారి స్పీకర్లోది కాదు:

"ఫోన్ ఎత్తవేం? నా ముక్క తీసేశావేమో, అందుకే ఎత్తట్లేదనుకున్నా! వీణ్ణి లాక్కొచ్చా. తీరా పైకెక్కితే ఆ స్పీకర్లో పాట మధ్య నీ ఏడుపు..."

కత్తెర ఆవిణ్ణి కావలించుకోలేదు. పక్క తలుపు చూపించింది.

భర్త ఆ తలుపు లాగాడు. మావయ్య నేల మీద పడున్నాడు, ఫ్లూటు గుండెల మీద. ఊపిరి ఉంది. లోపల స్పీకరు మీద ఆరిపోయిన ఫోన్. తలుపుకి అడ్డం పెట్టిన ఆయన చెప్పు నలిగి, గడప బయటికి జారి ఉంది.

అంబులెన్సులో అత్తగారు దారిపొడుగునా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆస్పత్రిలో ఆయన తేరుకున్నాక కత్తెర చూడ్డానికి వెళ్ళింది. పక్కన వాళ్ళమ్మాయి ఉంది. "స్టూడియోకే వెళ్తున్నా, రాత్రి ఆలస్యమవుతుంది అన్నారు. మీతోనే ఉన్నారనుకున్నానండీ" అంది, ఇంకా కళ్ళు తుడుచుకుంటూనే. కాఫీ తెస్తానని బయటికెళ్ళింది.

మావయ్య దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మనిషి సగమయ్యాడు.

"నాకు ఊపిరి చాలట్లేదు తల్లీ" అన్నాడు, అడక్కుండానే. "ఆ స్వరం ఇంట్లో ఎన్నిసార్లు ఊదినా మధ్యలో తెగిపోతోంది. తెగిపోయింది పంపిస్తే నువ్వు అతికిస్తావు, నాకు తెలుసు. మాస్టారికి అతుకులు పంపడం ఇష్టం లేకపోయింది. ఆ గదైతే నేను ఆపేసినా తను ఆపదు కదా... అందుకని పాత తాళంచెవి ఉంటే, చెప్పకుండా వెనక తలుపు తీసుకుని వచ్చా."

"వచ్చింది మావయ్యా. పైన అంతా రికార్డయింది. ఒక్కచోట కూడా కత్తెర పెట్టలేదు."

"నీ ఏడుపో?"

"అది తీసేశా."

ఇద్దరూ నవ్వారు. ఆయనకి దగ్గొచ్చింది. ఆమె లేచి నీళ్ళు పట్టింది.

"మీ మీద అరిచాను..."

"వదిలెయ్. నువ్వు లేకపోతే నేనెప్పుడో పోయేవాణ్ణి." గ్లాసు పక్కన పెట్టాడు. "తలుపు పడగానే నాకు ప్రాణాలు పోయాయనుకో. ఫోన్ పలకట్లేదు. ఎవరూ రారు. ఊరికే గోడ మీద సగం తాళం వేశా, ఏదో ఒకటి చెయ్యాలి కదా అని. టక్కున పక్క గదిలోంచి మిగతా సగం! అబ్బ, ఎంత ధైర్యం వచ్చిందనుకున్నావు! మధ్యాహ్నమంతా వేసుకుంటూనే ఉన్నాం కదమ్మా ఇద్దరం."

కత్తెర చేతిలో నీళ్ళ సీసా మూత ఉంది. దాన్ని అలాగే పట్టుకుని ఉండిపోయింది.

"మధ్యాహ్నమా?"

"అప్పటికి నువ్వింకా పాట పెట్టలేదు. మనిద్దరమే."

ఆమె స్టూడియోకి వెళ్ళేసరికే చీకటి. పాట పెట్టాకే మెట్లు దిగింది.

"మీ చప్పుడే... గోడకి తగిలి తిరిగొచ్చుంటుంది మావయ్యా. ఆ గది పనే అది కదా" అంది మెల్లగా.

"నా చప్పుడు నాకు తెలీదా? తిరిగొస్తే నేను కొట్టిన సగమే రావాలి. కొట్టని సగం ఎలా వస్తుంది?" పిచ్చిదానివా అన్నట్టు చూశాడు. ఆ తర్వాత ఏదో గుర్తొచ్చి, ముందుకి వంగి, కాఫీకెళ్ళిన వాళ్ళమ్మాయి వచ్చి వినకూడదన్నట్టు గొంతు తగ్గించాడు.

"ఒక్కటే అడుగుదామనుకున్నా. పాట మొదలయ్యేదాకా ఒక్క దెబ్బ తప్పు పోలేదు నీది. అచ్చం మాస్టారి చెయ్యే. ఆ తర్వాత ఉన్నట్టుండి... ఎందుకు తల్లీ అంతలా తడబడ్డావు?"